తార అని పేరు పెడితే...

మా అక్కయ్య కూతురు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. బారసాల రెండు రోజులుందనగా ఇంట్లో పేచీ వచ్చింది. పిల్లకు ‘తార’ అని పేరు పెడతానని తల్లి, వీల్లేదని అమ్మమ్మ.

“ఒరేయ్, తెలుగు పాఠాలు చెబుతావుగా, నువ్వే చెప్పు! గురుపత్ని అయివుండి చంద్రుడితో వెళ్ళిపోయిన దాని పేరా నా మనమరాలికి? ‘తారాశశాంక విజయం’ చదివినవాళ్ళు నవ్వరూ?” అంది అక్కయ్య.

“అక్కడివాళ్ళ నోట నా పేరు సగమై పోయింది, మావయ్యా. దీని పేరైనా రెండుచోట్లా నిండుగా నిలవాలి,” అంది మేనకోడలు. ఆ మాట అంటూంటే దాని కళ్ళు చెమర్చాయి.

తీర్పు నా మెడకు చుట్టుకుంది.

తార అంటే నక్షత్రమని అందరికీ తెలుసు. కాని ఆ మాట చుట్టరికం ఎంత దూరం పోయిందో చూడండి. ఋగ్వేదంలో నక్షత్రాలకు ‘తారః’ అనే రూపమూ వుంది, ముందు సకారంతో ‘స్తృభిః’ అనే రూపమూ వుంది. ఆ సకారమే పారసీకంలో ‘సితారా’గా, గ్రీకులో ‘ఆస్తేర్’గా, లాటిన్‌లో ‘స్టెల్లా’గా, ఇంగ్లీషులో ‘స్టార్’గా నిలిచింది. అన్నీ ఒక తల్లి బిడ్డలే. బౌద్ధులు తారాదేవిని కొలిచారు. ఆమె పేరుకు తరింపజేసేది, దాటించేది అని అర్థం చెప్పుకున్నారు. టిబెట్టువారు ఆ అర్థాన్నే తమ భాషలో పెట్టుకుని ‘డోల్మా’ అంటారు.

విచిత్రమేమంటే, ఐర్లండులోనూ ‘తారా’ వుంది. అది మీథ్ జిల్లాలోని ఒక గుట్ట. పూర్వం అక్కడి మహారాజుల పీఠం. 1936లో మార్గరెట్ మిచెల్ తన నవలలో ఐరిష్ కుటుంబం తోటకు ఆ గుట్ట పేరే పెట్టింది. 1939లో అది సినిమాగా వచ్చాక ఆ పేరు దేశదేశాలకూ తెలిసింది. అయితే ఆ తారాకూ మన తారకూ రక్తసంబంధం లేదు. ‘స్టార్’ వేరుగా వినిపించినా మనకు బంధువు. ఈ ‘తారా’ ఒకేలా వినిపించినా పొరుగింటి పిల్ల!

ఇదంతా చెప్పి, “అక్కయ్యా, రామాయణంలోనూ ఒక తార వుంది. సుగ్రీవుడు రెండోసారి యుద్ధానికి పిలిచినప్పుడు, రాముడి అండ చూసుకుని వచ్చాడు, వెళ్ళవద్దని వాలికి చెప్పింది. ఆ మాట వింటే వాలి బతికేవాడు. పంచకన్యలలో ఆమెనూ తలుస్తాము కదా?” అన్నాను.

అక్కయ్య కాసేపు ఆలోచించింది. “ఆడదాని మాట ఏ ఇంట్లో విన్నారులే!” అని లోపలికి వెళ్ళిపోయింది.

బారసాలనాడు తండ్రి పళ్ళెంలోని బియ్యంలో ఉంగరంతో ‘తార’ అని రాశాడు. అక్కయ్య పిల్లను ఒళ్ళోకి తీసుకుని, “ఓ చుక్కా! నా చుక్కా!” అని పిలిచింది.

“పేరు మార్చావేమే, అమ్మా?” అని మేనకోడలు కంగారుపడింది.

మార్చలేదు. అచ్చతెనుగులో తార అంటే చుక్కే గదా!