శిక్షా విచారణ

నేరం రుజువయ్యాక, ఏ శిక్ష వేయాలన్న దానిపైనే కోర్టు విడిగా వినే వాదనలను శిక్షా విచారణ అంటారు. జూరీ లేని మన వ్యవస్థలో ఉరా, యావజ్జీవమా అన్నది తేల్చేది జడ్జీయే. ఉరిశిక్ష విధిస్తే దాన్ని హైకోర్టు ధ్రువీకరించాలి. హన్మకొండ పసిపాపపై అత్యాచారం, హత్య కేసులో వరంగల్ కోర్టు 2019 ఆగస్టులో ఉరిశిక్ష విధించగా, నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని జీవితఖైదుగా మార్చింది.

‘అత్యంత అరుదైన’ కేసుల్లోనే, దోషి పరిస్థితులూ చూశాకే ఉరి అని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నేరం వివరాలు రోజుల తరబడి రికార్డుకెక్కుతాయి. దోషి బాల్యం, పేదరికం, మానసిక స్థితి చెప్పుకోవడానికి తరచూ కొన్ని గంటలే దొరుకుతాయి. ఇది అన్యాయం. అందుకే మానసిక పరీక్ష వంటి వివరాలు నేర విచారణ దశలోనే సేకరించాలని 2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ వివరాల పరిశీలనకు ఏకరూప మార్గదర్శకాల అంశాన్ని అదే ఏడాది సెప్టెంబరులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.