ఒంటిచక్రం సైకిలుకి పిడి ఎందుకు?

సూర్యుడి రథానికి ఒకటే చక్రమని కథల్లో విన్నాం. ఇప్పుడు మన పిల్లల్లో కొందరు ఒంటిచక్రం సైకిలు నేర్చుకోవాలని సరదా పడుతున్నారు. దాని సీటు ముందు చిన్న పిడి ఉంటుంది. అది దేనికో చూద్దాం.

మామూలు సైకిలు మీద మన బరువును సీటు, పెడళ్ళు, హ్యాండిల్‌బార్ పంచుకుంటాయి. ఒంటిచక్రానికి హ్యాండిల్‌బార్ ఉండదు కనుక బరువు చాలావరకు సీటు మీదే పడుతుంది. అందుకే కాసేపటికి నొప్పి, తిమ్మిరి మొదలవుతాయి. పిడి మీద చెయ్యి ఆనిస్తే ఆ భారం కొంత తగ్గుతుంది.

నేర్చుకునేవారికి: సీటుతో వచ్చే చిన్న పిడి చాలు. దిగేటప్పుడు సీటు కింద పడకుండా పట్టుకోవచ్చు.

గెంతేవారికి, కొండదారుల్లో తొక్కేవారికి: గెంతినప్పుడు సైకిలును కూడా పైకి లేపాలి. ఎత్తు ఎక్కేటప్పుడు పిడిని పైకి లాగిపడితే కాళ్ళకు బలం అందుతుంది. కాబట్టి వంగిపోని, నాలుగు వేళ్ళూ పట్టే, అంచులు నున్నగా ఉన్న పిడి కావాలి.

దూరాలు వెళ్ళేవారికి: 36 అంగుళాల చక్రం వాడేవారికి ముందుకు సాగిన పొడవైన పిడి హాయి. రెండు చేతులూ ఆనించవచ్చు. కానీ దూకి దిగేటప్పుడు కాళ్ళకు అడ్డం రావచ్చు. కొత్తవారికి అది వద్దు.

ఏ పిడి అయినా తొక్కేటప్పుడు మోకాళ్ళకు తగలకూడదు. పిల్లలూ, పిడి ఉంది కదా అని హెల్మెట్, మణికట్టు గార్డులు మరిచిపోకండి!

పెద్దలకు ఒక మాట. పిల్లలు "నొప్పి" అని సైకిలును మూలన పెడితే బద్ధకం అనుకోకండి. ముందు సీటూ పిడీ సరిచూడండి.