లామా పిల్లను ఎందుకు గారం చేయకూడదు?

తల్లి లేని మేకపిల్లకు సీసాతో పాలు పట్టి పెంచితే పెద్దయ్యాక కూడా మచ్చికగా మన వెంటే తిరుగుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో బరువులు మోసే లామా సంగతి అలా కాదు. ఇది ఒంటె కుటుంబానికి చెందిన జంతువు. మగపిల్లను మందకు దూరంగా, మనుషుల మధ్యే పెంచితే మనిషిని కూడా తన జాతివాడే అనుకుంటుంది. ఈడొచ్చాక, సాటి మగ లామాతో తలపడినట్టే మన మీదికి వస్తుంది. ఛాతీతో గుద్దుతుంది, కరుస్తుంది. పాపం, అది దాని తప్పు కాదు, పెంపకంలో జరిగిన పొరపాటు. అందుకే పాలు పట్టాల్సి వచ్చినా, పట్టేసి వెంటనే మందలోకి వదిలేయాలి.

మరి మందలో పెరిగే లామాకు మన వెంట నడవడం నేర్పేది ఎలా? లామా చురుకైనది, రోజూ కాసేపు నేర్పితే చాలు. ఎద్దుకు వేసినట్టు ముక్కుతాడు అక్కర్లేదు. ముఖం చుట్టూ పట్టీ వేసి, దానికి తాడు కట్టి నడిపిస్తారు. పట్టీ మాత్రం కళ్ళకు దగ్గరగా ఉండాలి. లామా ముక్కు ఎముక పొట్టిది. పట్టీ కిందికి జారితే మెత్తటి భాగం నొక్కుకుపోయి ఊపిరాడదు. అప్పుడు ఎంత సాధువైన లామా అయినా బెదిరిపోతుంది. పట్టీ కట్టిన ప్రతిసారీ వేలితో తడిమి చూడాల్సిందే!

బాగా ఎదిగిన లామా 25 నుంచి 30 కిలోలు మోస్తుంది. అంతకు మించి వేస్తే చెవులు వెనక్కి వాల్చి, ఉమ్మి, నేల మీద కూర్చుండిపోతుంది. కొట్టినా లాభం లేదు. బరువు దించితేనే లేస్తుంది.