సున్నాకు రావడం ఒకెత్తు, నిలవడం ఒకెత్తు

మలేరియాను తరిమేసిన దేశాల కథలు వింటే, తరమడం కన్నా మళ్లీ గడప తొక్కనీయకపోవడమే కష్టమనిపిస్తుంది. ఆ చలిజ్వరం చుట్టూ అల్లుకున్న కొన్ని ముచ్చట్లివి.

◆ గాలి మీద నింద
మలేరియా అంటే ఇటాలియన్‌లో ‘చెడ్డ గాలి’. చిత్తడి నేలల మీంచి వచ్చే కంపు గాలే జ్వరం తెస్తుందని శతాబ్దాల పాటు నమ్మారు. దొంగ ఉండే చోటు సరిగ్గానే పసిగట్టారు గానీ, దొంగ మాత్రం దొరకలేదు. ఆ నీళ్లలో పుట్టే అనాఫిలిస్ ఆడదోమను ఎవరూ అనుమానించలేదు. మగదోమకు ఈ పాపంలో వాటా లేదు. అది పూల తేనెతోనే బతికేస్తుంది.

◆ కాటుకో అణా
ఆ దొంగ పట్టుబడింది సికింద్రాబాదు పక్కన బేగంపేటలో. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, కాటుకో అణా చొప్పున ఇచ్చారు. ఉక్కపోతలోనూ పంకా వద్దనేవారు, కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని. మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పుపట్టాయి. చివరికి 1897 ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరపడానికి కారణం ఆ రోజే.

◆ కాలేయంలో కునుకు
వైవాక్స్ రకం మలేరియా రక్తంలోంచి పోయినా, కొన్ని పరాన్నజీవులు కాలేయంలో నెలల తరబడి నిద్రపోతాయి. ఎప్పుడో లేచి మళ్లీ జ్వరం తెప్పిస్తాయి. ‘మొన్ననే తగ్గిందిగా, మళ్లీ ఎలా వచ్చింది?’ అనుకునేది అందుకే. మన దేశంలో 14 రోజుల ప్రిమాక్విన్ కోర్సు ఇచ్చేది ఆ నిద్రపోతున్నవాటి కోసమే. జ్వరం దిగగానే మిగిలిన మాత్రలు అటకెక్కిస్తే వాటికి పండగే. అలాగని అందరికీ ఈ మందు పడదు. గర్భిణులకూ, జి6పిడి ఎంజైము లోపం ఉన్నవారికీ ప్రమాదం. డాక్టరు చెప్పందే ముట్టుకోకూడదు.

◆ పాత పుస్తకంలో కొత్త మందు
1967 మే 23న చైనా మలేరియా మందు కోసం ఓ రహస్య పరిశోధన మొదలెట్టింది. ఆ తేదీ మీదే దానికి ‘523’ అని పేరు. ఆ పనిలో ఉన్న తూ యుయు, పదహారు వందల ఏళ్ల నాటి వైద్య గ్రంథంలో ఒక ఆకును నీళ్లలో నానబెట్టి పిండమని ఉండటం గమనించారు. ఉడికిస్తే గుణం పోతోందేమోనన్న ఆలోచన అక్కడే తట్టింది. తక్కువ వేడిలో సారం తీస్తే ఆర్టెమిసినిన్ దక్కింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. 1940లలో ఏటా 3 కోట్ల కేసులు చూసిన చైనా, 2021లో మలేరియా లేని దేశమైంది. అక్కడి సిబ్బంది పాటించిన లెక్క 1-3-7. కేసును ఒక రోజులో నమోదు చేయాలి, మూడు రోజుల్లో ఎక్కడ సోకిందో ఆరా తీయాలి, ఏడు రోజుల్లో ఆ చోట కట్టడి చేయాలి.

◆ మూడేళ్ల పరీక్ష
ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇవ్వాలంటే, దేశంలో స్థానికంగా ఒక్కరికీ సోకకుండా వరసగా మూడేళ్లు గడవాలి. బయటి దేశంలో అంటించుకొచ్చిన కేసులు ఈ లెక్కలోకి రావు. ఈజిప్టు 2024లో నెగ్గింది. రాజు టుటంకామన్ మమ్మీలోనూ ఆనవాళ్లు దొరికినంత పాత జ్వరం అక్కడిది.

◆ పదిహేడు నుంచి ఐదు లక్షలకు
1963లో శ్రీలంక మొత్తానికి నమోదైన కేసులు 17. ఇక గెలిచినట్టేనని మందు చల్లడం, నిఘా తగ్గించారు. ఆ దశాబ్దం ముగిసేలోపే ఏడాది కేసులు 5 లక్షలు దాటాయి. మళ్లీ మొదటి నుంచి పోరాడి, 2016లో గానీ ధ్రువపత్రం అందుకోలేకపోయారు.

మన కథా అంతే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏడాదికి సుమారు 7.5 కోట్ల కేసులని అంచనా. 1960ల మధ్యకు అవి లక్షకు దిగాయి. 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. ఇప్పుడు 2030కల్లా నిర్మూలించాలన్నది దేశం పెట్టుకున్న గడువు.

◆ ట్యాంకులోంచి ఖండం దాటి
మన నగరాల్లో బావులు, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో గుడ్లు పెట్టే దోమ స్టెఫెన్సై. అది 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో తేలింది. ఆ ఏడు అక్కడ 27 కేసులు. 2020కి 73 వేలు దాటాయి.

◆ శుక్రవారమే ఎందుకు?
మన ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది ‘శుక్రవారం డ్రై డే’ అంటారు. శుక్రవారానికి ప్రత్యేక మహిమ ఏమీ లేదు, అసలు సంగతి వారం గడువులో ఉంది. గుడ్డు దోమగా రెక్కలు విప్పడానికి సాధారణంగా వారం పైనే పడుతుంది. ఏడో రోజుకల్లా తొట్టి ఒంపేస్తే ఆ తరం అక్కడితో సరి. ఒక్క వారం మరిచిపోతే, శ్రీలంక చేసిన పొరపాటునే మన పెరట్లో మనం చేసినట్టు.