కారు ఇగ్నిషన్: వోల్టులు చూసి కొనవచ్చునా?

పాత కార్ల మీద మనవాళ్లకు మమకారం ఎక్కువ. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు పుష్కరం పైచిలుకు ముందే ఆగింది. అయినా తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి ఊళ్లలో తాతలనాటి కారును అమ్మటానికి మనసొప్పక, బాగుచేయించి నడుపుకునేవారు ఇంకా ఉన్నారు. వారిలో కుర్రవాళ్లు అంతటితో తృప్తిపడరు. ఇంజనుకు మరికాస్త జోరు రావాలంటారు. అప్పుడు మొట్టమొదట వారి కంట పడేది ఇగ్నిషన్ సామాను. అట్ట పెట్టె మీద “40,000 వోల్టులు” అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. పాత కాయిల్ ఇచ్చేది ఇరవై వేలే గదా, నలభై వేలంటే రెట్టింపు, మరి జోరు ఎందుకు రెట్టింపు కాదు? విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మంచి ప్రశ్నే.

ముందుగా ఒక సంగతి. మన డెల్టాలో ఇంజన్లకు కొదవ లేదు. అయితే పొలాలలో తిరిగే ట్రాక్టర్లు, కాలువ గట్ల మీది ఆయిల్ ఇంజన్లు డీజిలుతో నడుస్తాయి. వాటిలో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. వాటికి నిప్పురవ్వతో పని లేదు. ఇప్పుడు మనం చెప్పుకొనేది పెట్రోలు ఇంజను గురించి.

పాత పద్మినిలో ఉన్న ఏర్పాటు 1910 ప్రాంతాలలో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించినదానికి వారసత్వమే. ఇనుప కడ్డీ చుట్టూ రెండు తీగచుట్టలు. లావుపాటి తీగతో తక్కువ చుట్లు ఉన్నది ప్రాథమిక చుట్ట, సన్నని తీగతో వేలకొద్దీ చుట్లు ఉన్నది ద్వితీయ చుట్ట. బ్యాటరీనుండి ప్రాథమిక చుట్టలోకి ప్రవాహం పంపి, ఒక్కసారిగా తెంచివేస్తే అయస్కాంత క్షేత్రం కూలిపోయి ద్వితీయ చుట్టలో వేల వోల్టులు పుడతాయి. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. పాఠశాల ప్రయోగశాలలో రుమ్‌కార్ఫ్ చుట్ట ఉంటే ఉపాధ్యాయులు దానిని చూపి ఈ పాఠం చెప్పవచ్చు. ప్రవాహాన్ని తెంచే పనిని కారులో ‘పాయింట్లు’ చేస్తాయి. అవి విడిపోయేటప్పుడు వాటిమధ్య మెరుపు రాకుండా, ప్రవాహం చప్పున తెగేటట్లు చూసేది పక్కనున్న కండెన్సర్.

ఇక వోల్టుల మాట. ప్లగ్గు కొనల మధ్య ఖాళీ సుమారు 0.6 మిల్లీమీటరు ఉంటుంది. కాయిల్‌లో వోల్టేజి పెరుగుతూ పెరుగుతూ ఆ ఖాళీలోని వాయువు చీలిపోయే స్థాయికి రాగానే రవ్వ దూకుతుంది. దూకిన మరుక్షణం వోల్టేజి పడిపోతుంది. అంటే ఎంత కావాలో నిర్ణయించేది కాయిల్ కాదు, ఖాళీ, అందులోని వాయువు. 1889లో పాషెన్ చూపినట్లు, అది ముఖ్యంగా వాయు పీడనాన్నీ కొనల మధ్య దూరాన్నీ గుణించిన లబ్ధం మీద ఆధారపడుతుంది. బయటి గాలిలో రెండు మూడు వేల వోల్టులకే దూకే రవ్వకు, సిలిండరులో అదిమిన వాయువులో పదివేలో పన్నెండువేలో కావాలి. ప్లగ్గు ఊడదీసి ఇంజనుకు ఆనించి “రవ్వ వస్తున్నది” అని తేల్చేయటం ఇందుకే చాలదు. బయట వచ్చిన రవ్వ లోపల రాకపోవచ్చు.

కాయిల్ నలభై వేలు ఇవ్వగలిగినా, పన్నెండు వేలకే రవ్వ దూకితే మిగిలిన ఇరవై ఎనిమిది వేలు అసలు పుట్టనే పుట్టవు. రవ్వ సరిగా అంటుకుంటున్న ఇంజనులో అంతకంటె పెద్ద రవ్వ వలన బలమూ రాదు. ఎందుకంటే బలం పెట్రోలుది. పద్మిని ఇంజను 1,089 ఘన సెంటీమీటర్లు, నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు ఒక్క విడతలో పీల్చే మిశ్రమంలో పెట్రోలు గ్రాములో యాభయ్యో వంతుకు కాస్త తక్కువ. దానిలోని శక్తి దాదాపు 800 జూళ్లు. రవ్వలో ఉండేది 0.04 జూలు. ఇరవై వేల రెట్ల తేడా! వంటచెరకు అంటుకున్న తరువాత, అంటించినది అగ్గిపుల్లా కాగడానా అన్న విచారణ అనవసరం.

మరి కొత్త ఇగ్నిషన్ దండగేనా? కాదు. దాని లాభం వోల్టులలో కాక కాలంలో ఉన్నది.

తీగచుట్టలో ప్రవాహం మీట నొక్కగానే పూర్తిగా రాదు. తెనాలిలో బయలుదేరిన రేపల్లె పాసింజరు రైలు వంటిదది. వేగం అందుకోవటానికి వ్యవధి కావాలి. అందుకునేలోగా తరువాతి స్టేషను వస్తే ఆగవలసిందే. లెక్క చూద్దాము. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే సెకండుకు 50 రవ్వలు కావాలి. రవ్వకూ రవ్వకూ మధ్య 20 మిల్లీసెకండ్లు. పాయింట్లు అందులో మూడింట రెండువంతులు, అంటే 13 మిల్లీసెకండ్లు మూసుకొని ఉంటాయి. కాయిల్ నిరోధం 3 ఓములు, ప్రేరకత్వం 8 మిల్లీహెన్రీలు అనుకుంటే 12 వోల్టుల బ్యాటరీతో ప్రవాహం దాదాపు 4 ఆంపియర్లకు చేరుతుంది. అందులో నిలవ ఉన్న శక్తి 64 మిల్లీజూళ్లు. అదే ఇంజనును 6,000 చుట్లకు తీసుకుపోతే సెకండుకు 200 రవ్వలు. పాయింట్లు మూసుకొని ఉండేది 3.3 మిల్లీసెకండ్లు మాత్రమే. ప్రవాహం 2.85 ఆంపియర్లను దాటదు. శక్తి 32 మిల్లీజూళ్లకు, అంటే సగానికి దిగజారుతుంది. పైగా ఆ వేగంలో పాయింట్ల స్ప్రింగు తట్టుకోలేక అవి ఎగిరెగిరి పడతాయి. మెకానిక్కులు “మిస్సింగ్ కొడుతోంది” అనేది చాలాసార్లు ఇక్కడే. రోజూ తెనాలి నుంచి గుంటూరు వెళ్లివచ్చే కారుకు ఈ బాధ తెలియదు. మద్రాసు దగ్గర షోళవరంలో పందేలకు దిగిన ఫియట్ 1100 కార్లకు బాగా తెలుసు.

పాయింట్ల స్థానంలో ట్రాన్సిస్టరు ఉంటే నాలుగు ఆంపియర్ల హద్దు పోతుంది. అప్పుడు 0.75 ఓము, 5 మిల్లీహెన్రీల కాయిల్ వాడవచ్చు. అదే 3.3 మిల్లీసెకండ్లలో 6 ఆంపియర్లు దాటుతుంది. 6 ఆంపియర్ల దగ్గర తెంచినా 90 మిల్లీజూళ్లు చేతికొస్తాయి. అరిగే పాయింట్లు లేవు గనుక టైమింగు కూడా నిలకడగా ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు. పాయింట్ల మడమ అరిగేకొద్దీ అవి విడిపోవటం ఆలస్యమవుతుంది. 3,000 చుట్ల వేగంలో ఒక్క మిల్లీసెకండు ఆలస్యమంటే క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోయినట్లే! పాయింట్లు విడవలసిన వేళను కనిపెట్టటానికి చాలా కిట్లలో వాడేది 1879లో హాల్ కనుగొన్న ప్రభావం: తిరుగుతున్న చిన్న అయస్కాంతం ఎదుటికి రాగానే అర్ధవాహకపు ముక్క సంకేతం ఇస్తుంది.

అయితే ఈ కిట్టు పాత డిస్ట్రిబ్యూటరులోనే కూర్చుంటుంది. ఇరుసు బుష్ అరిగి ఊగుతుంటే, టైమింగును ముందుకు జరిపే బరువులు తుప్పుపట్టి బిగిసిపోతే, వాటిని హాల్ ముక్క బాగుచేయదు. నన్నడిగితే, ముందు వాటికి ఖర్చు పెట్టాలి.

సీడీఐ అనే మరో రకం ఉన్నది. దానిలో శక్తిని కాయిల్‌లో కాక కండెన్సరులో నిలవ చేస్తారు. ఒక మైక్రోఫారడ్ కండెన్సరును 400 వోల్టులకు నింపితే 80 మిల్లీజూళ్లు. వోల్టేజి అతి త్వరగా లేస్తుంది గనుక, నూనె మసి పట్టిన ప్లగ్గులో కూడా కారిపోయే వ్యవధి లేక రవ్వ దూకుతుంది. అందుకే టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లకు అది అచ్చివచ్చింది. కాని ఆ రవ్వ మైక్రోసెకండ్ల లెక్కలో ముగుస్తుంది. కాయిల్ రవ్వ ఒకటి రెండు మిల్లీసెకండ్లు నిలుస్తుంది. మిశ్రమం పలచగా ఉన్నప్పుడు నిలిచే రవ్వే మేలు. రోడ్డు మీద నడిచే ఫోర్ స్ట్రోక్ కారుకు నా ఓటు ట్రాన్సిస్టరుకే.

కొనబోయేటప్పుడు జతలు కుదరటం ముఖ్యం. 0.75 ఓము కాయిల్‌ను పాత పాయింట్లతో కలిపితే 16 ఆంపియర్ల దాకా లాగి పాయింట్లను కాల్చివేస్తుంది. ప్రవాహానికి హద్దు పెట్టని చవక మాడ్యూలుతో కలిపి, ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పి వదిలేస్తే కాయిలే మాడుతుంది. అందుచేత కిట్టు ఎన్ని ఓముల కాయిల్‌కు తగినదో చదివి, తన కాయిల్ నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవాలి. పాత బ్రిటిష్ నమూనా బండ్లలో కొన్నిటికి బ్యాటరీ ధనధ్రువం బాడీకి కలిపి ఉంటుంది. అది చూడకుండా తీగలు తగిలిస్తే మాడ్యూలు క్షణంలో పోతుంది.

మన తీరానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. బాపట్ల దగ్గర సూర్యలంక వైపునుండి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు డిస్ట్రిబ్యూటరు మూత మీద పలుచని పొరగా పేరుకొని తేమను పీలుస్తుంది. రేపల్లె చుట్టుపక్కల కాలువల మధ్య ధనుర్మాసపు మంచు కురిసిన తెల్లవారుజామున కారు మొరాయించటానికి ఇదొక కారణం. విద్యుత్తు ప్లగ్గు దాకా పోకుండా ఆ తడిమీదుగా పాకిపోతుంది. పాకిన దారిలో నల్లని కార్బన్ గీత పడుతుంది. ఆ తరువాత ఎండలోనూ అదే దారి పడుతుంది. శక్తిగల కొత్త కాయిల్ ఇటువంటి చోట పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. ప్లగ్గు ఖాళీ పెంచి ఎక్కువ వోల్టేజి అవసరం కల్పిస్తే మరీను. కాబట్టి మన ప్రాంతంలో కొత్త మూత, రోటరు, మంచి హైటెన్షన్ వైర్లు కాయిల్‌తోపాటే కొనాలి. ఆ డబ్బు లేకపోతే కాయిల్‌నే వాయిదా వేయటం మంచిది. వైర్లు లోపల నిరోధం ఉన్న రకమై ఉండాలి. వట్టి రాగి తీగ అయితే రేడియోలో గరగరలే కాదు, ఆ అలజడికి మాడ్యూలు కూడా తికమకపడుతుంది.

బిగించిన తరువాత టైమింగు లైటుతో మళ్లీ సరిచూడటం తప్పనిసరి. పాత గుర్తు దగ్గరే వదిలేస్తే లాభం రాకపోగా ఇంజను కొట్టుకోవచ్చు. ఇంజను తిరుగుతుండగా వైర్లు ముట్టుకోకూడదు. పెట్రోలు కారుతున్న చోట రవ్వ పరీక్షలు అసలే కూడదు.

తీసివేసిన పాయింట్ల పళ్లెం, కండెన్సరు, పాత కాయిల్ మూడింటినీ గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచుకోవాలి. మాడ్యూలు పోతే రాత్రివేళ రేపల్లె దారిలో ఎవరూ బాగుచేయలేరు. పాయింట్లనైతే ఒక గరుకు కాగితం ముక్కతో రుద్ది ఇల్లు చేరవచ్చు.