మూసీ నీటి వాసన: దాని మూలము, నివారణము

మురుగునీటి శుద్ధి అనగానే మనకు నగరము, నగరపు వీథులు, వీథుల క్రింద పరచిన గొట్టములు జ్ఞాపకమునకు వచ్చును. కాని నగరము విడిచిన నీరు నగరపు పొలిమేరతో అంతరించిపోదు. అది పల్లమును వెదకికొని పోవును. ఆ పల్లమున మనుష్యులు, వారి పొలములు, పశువులు, బావులు ఉండును. హైదరాబాదు విడిచిన నీరు చేరు అట్టి తావులలో రామన్నపేట ప్రాంతమొకటి. పూర్వము నల్లగొండ జిల్లాలో చేరి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనున్న ఈ సీమవారికి మురుగునీటి శుద్ధి పొరుగూరి సంగతి కాదు, తమ పొలము గట్టున నిలిచిన సంగతి.

మూసీనది వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమ ప్రవహించి, భువనగిరి, వలిగొండ ప్రాంతముల మీదుగా సాగి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. దారిలో నదికడ్డముగా చిన్న చిన్న ఆనకట్టలు కలవు. తెలంగాణమున వీనిని కత్వలందురు. ఆసఫ్ నహరు, భీమలింగము కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, పిల్లాయిపల్లి కాలువ మొదలగునవి నదినుండి చీలి, వలిగొండ, రామన్నపేట, చిట్యాల ప్రాంతముల చెరువులకు, పొలములకు నీరందించుచున్నవి. ఇంకను దిగువన సోలిపేట యొద్ద మూసీ జలాశయము 1963లో పూర్తియైనది.

ఇది వానలు నమ్మరాని మెట్టసీమ. వేసవిలో వాగులు ఎండి ఇసుక తేలునప్పుడు కూడ మూసీ పారుచునే యుండును. దానికి కారణము దైవానుగ్రహము కాదు. హైదరాబాదువారు స్నానమాడి, వంటచేసి, బట్టలుతికి విడిచిన నీరే ఆ ప్రవాహము. కావున దిగువ రైతు చిక్కు విచిత్రమైనది. ఆ నీరు రాకున్న పంట లేదు, వచ్చెనా కంపు, నురుగు, రోగభయము కూడ వెంట వచ్చును.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదును అతలాకుతలము చేసెను. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన వరదను అరికట్టుటకు పైన జలాశయములు కట్టవలెనని చెప్పుటయే కాక, నగరమునకు భూగర్భ మురుగు కాలువల పథకమును కూడ సిద్ధపరచెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరద అదుపునకు వచ్చెను. కాని మంచినీరు పైననే నిలిచిపోవుటచే, నగరము దాటిన నదిలో ఏడాది పొడవున ప్రవహించునది ముఖ్యముగా మురుగునీరే అయ్యెను. జనులు పెరిగిన కొలది ఆ ప్రవాహమును పెరిగెను.

అసలు ఈ వాసన ఎట్లు పుట్టును? అప్పుడే విడిచిన మురుగునీటికి అంత దుర్గంధముండదు. దానిలోని జీవపదార్థమును తిని బ్రతుకు సూక్ష్మజీవులు రెండు తెగలవి. మొదటి తెగకు గాలిలోని ప్రాణవాయువు కావలెను. అవి పనిచేయునపుడు మలినము బొగ్గుపులుసుగాలిగను, నీరుగను మారిపోవును, కంపు పుట్టదు. మురుగునీరు నిలిచిపోయి, అందులోని ప్రాణవాయువు అయిపోయినచో రెండవ తెగ విజృంభించును. వానిలో కొన్ని నీటియందలి గంధకపు లవణములనుండి ప్రాణవాయువును లాగికొని, హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువును విడుచును. కుళ్లిన గ్రుడ్డు వాసన దీనిదే. అనగా కంపు మలినమునకు గుర్తు మాత్రమే కాదు, ఆ నీటికి గాలి చాలలేదని తెలుపు సాక్ష్యము.

కత్వ యొద్ద నీరు దుముకునపుడు వాసన అధికముగా నుండుట పలువురు ఎరిగినదే. నీటిలో కరిగియున్న వాయువు ఆ కుదుపునకు బయటపడును. సబ్బుపొడుల శేషము అక్కడనే నురుగు కట్టును. ఐనను ఆ దుముకుటలోనే నీటికి కొంత గాలియు అందుచున్నది. వ్యాధియు, కొంత చికిత్సయు ఒక్కచోటనే జరుగుచున్నవన్నమాట.

ఈ వాయువు పదికోట్ల పాళ్ల గాలిలో ఒక పాలున్నను మానవుని ముక్కు పసిగట్టగలదు. కాని పదివేల పాళ్లలో ఒక పాలు ఉన్నచో కొద్దిసేపటిలో ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండ పోవును. ఇంకను హెచ్చినచో ప్రాణమే పోవును. గాలికన్న బరువైనది కావున గోతులలో అడుగున పేరుకొనును. మురుగు కాలువలలో దిగిన కార్మికులు ఒకరి వెనుక నొకరు కూలిపోవుటకు ముఖ్య కారణము ఇదియే. అట్టి ప్రమాదకరమైన పనికి మనుష్యులను దింపరాదని 2013లో చట్టము వచ్చినది. వాసన పోయినది గనుక భయము లేదనుకొనుట ప్రాణాంతకమైన భ్రమ.

వాసనను తరిమివేయుట వేరు, నీటిని శుద్ధిచేయుట వేరు. 1858 వేసవిలో లండను నగరమున థేమ్సు నది కంపు భరింపరానిదై పార్లమెంటు సభ్యులు కూడ కూర్చుండలేకపోయిరి. అంతట బేజల్‌గెట్ అను ఇంజనీరు గొప్ప కాలువలు నిర్మించి మురుగును నగరమునకు దిగువన నదిలో వదలెను. నగరవాసుల ముక్కులకు ఊరట కలిగెను. దిగువవారికి మాత్రము బాధ మొదలయ్యెను. మురుగులోని మడ్డిని వేరుచేయు ఏర్పాట్లు అక్కడ పిమ్మట గాని రాలేదు.

నేటి శుద్ధికేంద్రములో జరుగు పని స్థూలముగా ఇది. మొదట ఇనుప జల్లెడలు గుడ్డపేలికలను, చెత్తను ఆపును. తరువాతి తొట్టిలో ఇసుక దిగును. మరియొక తొట్టిలో నీరు మెల్లగా సాగుటచే బరువైన మలినము అడుగున చేరును. అటుపిమ్మట అసలు ఘట్టము: నీటిలోనికి యంత్రములతో గాలిని చిన్న చిన్న బుడగలుగా పంపి, మొదటి తెగ సూక్ష్మజీవులను పెంచుదురు. అవి మలినమును తిని మడ్డిగా ముద్దకట్టి క్రిందికి దిగును. ఆ మడ్డిలో కొంత తిరిగి తొట్టిలోనికే పంపి, క్రొత్తగా వచ్చు మురుగునకు తోడుపెట్టుదురు. మన యిండ్లలో పాలకు చేమిరి వేయుట వంటిదే ఇది. ఈ పద్ధతిని 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెన్, లాకెట్ అను ఇద్దరు రసాయనవేత్తలు ప్రకటించిరి. చివర క్లోరిను మొదలగువానితో రోగక్రిములను చంపుదురు.

మూసీ ఒడ్డున అంబరుపేటలో రోజుకు సుమారు 34 కోట్ల లీటర్ల నీటిని శుద్ధిచేయుటకు కట్టిన కేంద్రములో వేరొక పద్ధతి నవలంబించిరి. అందు నీటిని గాలి చొరని తొట్టిలో అడుగునుండి పైకి పంపుదురు. విద్యుత్తు ఖర్చు తక్కువ, మండు వాయువు కూడ లభించును. కాని అక్కడ పనిచేయునది రెండవ తెగ గనుక, పుట్టిన వాయువును పోనీయక పట్టవలెను, బయటికి వచ్చిన నీటికి మరల గాలి తగిలింపవలెను. లేనిచో శుద్ధికేంద్రమే కంపునకు నెలవగును. 2021లో ప్రభుత్వము హైదరాబాదునకు మంజూరు చేసిన 31 కేంద్రములలో ఒకే తొట్టిలో నింపుట, గాలినిచ్చుట, తేర్చుట, వంపుట వంతులవారీగా జరుగు పద్ధతిని ఎన్నుకొనిరి. అప్పటికి నగరమున రోజునకు పుట్టు మురుగునీరు సుమారు 165 కోట్ల లీటర్లని అంచనా. ఉన్న కేంద్రముల శక్తి 77 కోట్లు. క్రొత్తవాని శక్తి సుమారు 126 కోట్లు.

వాసన నివారణలో మొదటి సూత్రము దానిని పుట్టనీయకుండుట. కాలువకు తగిన వాలు ఉండవలెను, నీరు నిలువరాదు, మడ్డి పేరుకొనరాదు. అవసరమైనచోట ఇనుప లవణములు కలిపినచో అవి గంధకమును బంధించును. పుట్టిన వాయువును తొట్లపై మూతలు వేసి, గొట్టములతో లాగి, కాస్టిక్ సోడా ద్రావణముతో కడుగుదురు, లేదా బొగ్గుపొడి గుండ పంపుదురు. వీనికన్న సులభమైన ఉపాయము మరొకటి కలదు. చివికిన ఎరువు, కఱ్ఱముక్కలు, కొబ్బరిపీచు పరచిన తడి పడకగుండ ఆ గాలిని పంపినచో, అందు నివసించు సూక్ష్మజీవులే దుర్వాయువును తినివేయును. సుగంధద్రవ్యములు చల్లుట వలన ప్రయోజనము లేదు. అది ముక్కును మోసగించుటయే.

నదియు తనంతట కొంత శుద్ధి చేసికొనును. మూసీని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, నగరమునుండి దూరము పెరిగిన కొలది రోగక్రిములు, నులిపురుగుల గ్రుడ్లు తగ్గుచున్నవని కనుగొనిరి. కత్వల వెనుక నీరు నిలిచి మలినము అడుగంటుటయే దీనికి ముఖ్య కారణము. కాని దీనికి మితి కలదు. నీటిలో కరిగిన ఉప్పు ఎంత దూరము పోయినను తగ్గదు. సాధారణ శుద్ధికేంద్రము కూడ దానిని తీయజాలదు. నగరమునకు దగ్గరి గ్రామములలో పలువురు రైతులు వరి మాని పారాగడ్డి పెంచి పాలవారికి అమ్ముకొనుటకు ఇట్టి నీరే కారణము. కర్మాగారముల లోహములు, రసాయనములు మురుగులో కలిసినచో శుద్ధిచేయు సూక్ష్మజీవులే చచ్చును. కావున వానిని పుట్టినచోటనే వేరుచేసి శుద్ధిచేయవలెను.

ఇక రామన్నపేట వంటి ఊళ్లు తమవంతుగా చేయదగినవియు కలవు. స్నానాల గదుల నీటికి ఇంకుడుగుంత త్రవ్వినచో వీథిలో మడుగు కట్టదు. మరుగుదొడ్డి గుంత మంచినీటి బావికి 15 మీటర్లకు తక్కువ దూరములో ఉండరాదు. గుంత నిండినప్పుడు బండివాడు ఆ మడ్డిని వాగులో కుమ్మరించిపోకుండ, శుద్ధికేంద్రమునకు చేర్చునట్లు పంచాయతీ చూడవలెను. మూసీనీటి మడిలో దిగువారు చెప్పులు గాని బూట్లు గాని తొడుగుకొనుట, పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొనుట కొంకిపురుగు వ్యాధినుండి కాపాడును. ఆ నీటితో పండిన ఆకుకూరలను పచ్చివిగా తినరాదు.

ఇవి జాగ్రత్తలే గాని పరిష్కారము కావు. కాళ్లకు బూట్లు తొడుగుకొనుమని దిగువ రైతుతో చెప్పి ఎగువ నగరము తన బాధ్యత తీరినదనుకొనరాదు. రైతు కోరునది నీరు ఆగిపోవలెనని కాదు. ఆ నీరు లేనిచో ఈ కాలువల క్రింది వరి నిలువదు. ఆ నీటికి కావలసిన గాలి నగరములోనే అందవలెననియు, కట్టిన కేంద్రము ప్రతిదినము నడువవలెననియు, పండుగనాడును విద్యుత్తు ఆగరాదనియు మాత్రమే అతడు కోరును. శుద్ధికేంద్రమును గూర్చి అడుగవలసిన ప్రశ్న అది ఎన్ని కోట్ల లీటర్లకు కట్టబడినదని కాదు, నిన్న ఎన్ని కోట్ల లీటర్లు శుద్ధిచేసినదని. ఆ లెక్క దిగువ గ్రామములవారికి తెలియునట్లు ఎప్పటికప్పుడు ప్రకటించుట కష్టమైన పని కాదు.