విజయౌషధము: తొలి మోతాదు

గంజాయి యనగానే మన యిండ్లలో ముఖము చిట్లింతురు. ఆ మొక్క ఆకునే ఆయుర్వేదమున విజయ యందురు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూతను, బంకను నిషేధించినదే గాని, పూత కలియని ఆకును గంజాయిగా నెంచలేదు. కావున విజయ చేరిన మందులు వైద్యుని చీటిపై దొరకుచున్నవి.

సోదరీమణులారా! నొప్పులకై దీనిని క్రొత్తగా సేవించువారు తొందరపడరాదు. నోట మ్రింగిన మందు పొగవలె వెంటనే పనిచేయదు. అరగంట మొదలు రెండు గంటల వరకును, ఒక్కొక్కప్పు డంతకు మించియు, ఏ గుణమును తోపకపోవచ్చును. “ఏమియు లేదే!” యని మరల వేసికొన్నచో, రెండు మోతాదులు నొక్కసారిగ తలకెక్కి గుండెదడ, భయము, తలత్రిప్పుట కలుగును. వైద్యుడు చెప్పిన అత్యల్పమైన మోతాదును, రాత్రివేళ, ఇంట నొకరు తోడుండగా పుచ్చుకొనుట మేలు. పిమ్మట బండి నడుపరాదు, పొయ్యి వెలిగింపరాదు.

గర్భిణులును, పాలిచ్చు తల్లులును దీని జోలికి పోరాదు. రక్తమును పలుచబరచు వార్ఫరిన్ వాడువారును, వంశమున మతిభ్రమణ మున్నవారును ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలెను. ఇట్టివి దాచుట మనలో చాలమందికి అలవాటు! మందుసీసాను పోపులపెట్టె చెంత నుంచక బీరువాలో పెట్టి తాళము వేయుడు. లేహ్యమనుకొని పిల్లలు నాకుదురు.